హోమియోస్టాసిస్‌ని మీ ఒంటి మీదే కొలిచి చూడటం ఎలా?

ఫిజియాలజీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ దగ్గర్నుంచి నాకు మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఒకటే. "కణం అర్థమైంది, కణజాలం అర్థమైంది, అవయవాలూ అర్థమయ్యాయి. హోమియోస్టాసిస్ దగ్గరికి వచ్చేసరికి డెఫినిషన్ నోటికొస్తుంది గానీ, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే చేతులెత్తేస్తున్నాను. ఎలా చదవాలి?"

చదవకండి. ఒక గంట పుస్తకం మూసి, మీ మణికట్టు పట్టుకోండి.

చిక్కు ఎక్కడుందంటే, పుస్తకంలో "అంతర వాతావరణాన్ని స్థిరంగా ఉంచడం" అని రాసి ఉంటుంది. మన ఒంట్లో చూస్తే ఏదీ స్థిరంగా కనబడదు. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది, ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. మరి స్థిరంగా ఉన్నది ఏది? ఒంట్లో కొన్ని విపరీతంగా మారతాయి, అవి అలా మారబట్టే ఇంకొన్ని మారకుండా ఉంటాయి. ఈ రెండింటినీ విడదీయడం వస్తే హోమియోస్టాసిస్ వచ్చినట్టే. కింద చెప్పిన పద్ధతిలో ఆ పని మీ సొంత అంకెలతో చేస్తారు. గంట పడుతుంది, ఖర్చేమీ లేదు.

ముందు ఇది చూసుకోండి

గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని బీపీ, తరచూ కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఇప్పుడు జ్వరంతో ఉన్నవాళ్ళు వ్యాయామం ఉన్న భాగం చేయొద్దు. మీకు బదులు ఇంకొకరు చేస్తే, మీరు వాచీ పట్టుకుని కొలవండి. నిజానికి నేర్చుకోవడానికి అది ఇంకా మంచిది. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవాళ్ళకి కింద చెప్పే అంకెలు సరిపోవు. మధ్యలో ఛాతీలో నొప్పిగానీ, కళ్ళు బైర్లు కమ్మడంగానీ వస్తే వెంటనే ఆపేసి కూర్చోండి. కూర్చున్నా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా వైద్య సహాయం తీసుకోండి. ఇది పాఠం నేర్చుకోవడానికే, జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి కాదు.

కావలసినవి

- సెకన్లు కనిపించే గడియారం లేదా ఫోన్లో స్టాప్‌వాచ్
- డిజిటల్ థర్మామీటర్ (పాత గాజు థర్మామీటర్ వద్దు, పగిలితే లోపలి పాదరసంతో ప్రమాదం)
- గోడకి ఆనించిన, కదలని కుర్చీ
- పడుకోవడానికి చాప లేదా మంచం
- గీతల నోట్‌బుక్, పెన్ను
- తోడుగా ఒక మనిషి
- ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు: వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్, బీపీ మిషన్

మొదలుపెట్టే ముందు ఓ గంటసేపు కాఫీ, టీ, పొగ, భారీ భోజనం వద్దు. అరగంట ముందు నుంచి పరుగులూ బరువులూ వద్దు.

ఐదు నిమిషాల థియరీ, అంతకంటే వద్దు

మీ పిక్కలోని ఒకే ఒక్క కండర కణాన్ని తలుచుకోండి. దానికి ఊపిరితిత్తులు లేవు, నోరు లేదు, కిడ్నీలు లేవు. చుట్టూ పల్చగా ఉప్పునీటి పొర ఒకటి ఉంటుంది. ఆక్సిజన్, గ్లూకోజ్ దానికి అందులోంచే అందాలి, కార్బన్ డయాక్సైడూ వేడీ అందులోకే పోవాలి. ఆ నీరు చెడితే కణం పని అయిపోయినట్టే.

సుమారు 70 కిలోల మగమనిషి ఒంట్లో నీరు దాదాపు 42 లీటర్లు. అందులో 28 లీటర్లు కణాల లోపల ఉంటుంది, 14 లీటర్లు బయట. ఆ బయటి నీటిలో సుమారు 3 లీటర్లు రక్తంలోని ప్లాస్మా, మిగతాదంతా దాదాపుగా కణాల మధ్య నిలిచేది. ఫ్రాన్స్‌కి చెందిన ఫిజియాలజిస్టు క్లాడ్ బెర్నార్డ్ 19వ శతాబ్దంలో "అంతర వాతావరణం" అన్నది ఈ బయటి నీటినే. దాన్ని ఒక స్థాయిలో ఉంచే ఏర్పాటుకి అమెరికన్ ఫిజియాలజిస్టు వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. ఇక పనిలోకి దిగుదాం.

1. పట్టిక గీయండి

అడ్డంగా ఐదు గడులు: సమయం, నాడి, ఊపిరి, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ శాతం. ఆఖర్న "ఏమనిపించింది" అని ఒక వెడల్పు గడి వదలండి. "చెవులు వెచ్చబడ్డాయి", "నోరు ఎండింది" లాంటివి అందులో రాసుకోండి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ, 7వ మెట్టులో మనకి పనికొచ్చేది ఆ గడే.

పట్టిక ముందే గీయాలి. వ్యాయామం అయ్యాక గీద్దాంలే అనుకుంటే, మీరు స్కేలు వెతుక్కునే లోపు గుండె సగం నెమ్మదించేస్తుంది.

2. నాడి పట్టుకోవడం నేర్చుకోండి

అరచెయ్యి పైకి పెట్టండి. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు మీదికి రండి. చర్మం కింద గట్టిగా ఒక ఎముక అంచు తగులుతుంది. దానికి కాస్త లోపలి వైపు, తీగల్లాంటి స్నాయువులకి ముందు, చిన్న పల్లం ఉంటుంది. రెండో చేతి చూపుడు వేలు, మధ్యవేలు అక్కడ ఆనించండి. ముందు మెల్లగా నొక్కి, కొట్టుకోవడం తెలిసేదాకా ఒత్తిడి కొంచెం కొంచెం పెంచండి. మరీ గట్టిగా నొక్కితే ధమని మూసుకుపోయి ఏమీ తెలియదు. దొరకట్లేదని ఇంకా గట్టిగా నొక్కడం అందరూ చేసే పొరపాటే. దొరకనప్పుడు వేళ్ళు వదులు చేయండి.

బొటనవేలితో చూడొద్దు. దానిలోనూ నాడి బలంగా కొట్టుకుంటుంది, ఎవరిది లెక్కపెడుతున్నారో మీకే తెలియదు. మణికట్టు దగ్గర ఎంతకీ దొరక్కపోతే మెడ మీద చూడొచ్చు, కానీ ఒక్క పక్కనే, చాలా తేలిగ్గా. మెడకి రెండు పక్కలా ఒకేసారి నొక్కకూడదు. అక్కడ రక్తపోటుని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది, దాన్ని నొక్కితే గుండె ఒక్కసారిగా నెమ్మదించి కళ్ళు తిరగొచ్చు.

లెక్కలో ఇంకో చిన్న మెలిక ఉంది. గడియారం నొక్కిన క్షణంలోనే ఒక దెబ్బ తగిలితే దాన్ని "సున్నా" అనుకోండి, "ఒకటి" కాదు. 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించేటప్పుడు ఒక్క దెబ్బ తేడా వస్తే ఫలితంలో 4 తేడా పడుతుంది.

వేళ్ళ కింద లయ కొంచెం ఎగుడుదిగుడుగా ఉందని కంగారు పడకండి. ఊపిరి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగం పుంజుకుని, వదిలేటప్పుడు తగ్గడం మామూలే. కుర్రవాళ్ళలో ఇంకా బాగా తెలుస్తుంది. నెమ్మదిగా, లోతుగా నాలుగు ఊపిర్లు తీసుకుంటూ వేళ్ళు కదపకుండా గమనించండి. నాకు మట్టుకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన ముక్క ఇదే.

3. విశ్రాంతి అంకెలు రాసుకోండి

కుర్చీలో వెనక్కి ఆనుకుని 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ఫోను చూడొద్దు. తర్వాత నాడి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. రెండింటి మధ్య 4 కంటే ఎక్కువ తేడా ఉంటే మూడోసారి చూడండి. పెద్దవాళ్ళకి విశ్రాంతిలో 60 నుంచి 100 మధ్య మామూలు. రోజూ బాగా వ్యాయామం చేసేవాళ్ళకి 60 కంటే తక్కువే ఉండొచ్చు.

ఊపిరి లెక్క ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే తప్పు వస్తుంది. "ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టాలి" అనుకోగానే దాని తీరు మారిపోతుంది. అందుకే తోడు మనిషి. వాళ్ళు మీ మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉండి, మీ ఛాతీ ఎన్నిసార్లు లేచిందో నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఎప్పుడు లెక్కపెడుతున్నారో మీకు చెప్పకూడదు. రోగుల ఊపిరి చూసేటప్పుడు నర్సులు వాడే కిటుకే ఇది. నిమిషానికి 12 నుంచి 20 మధ్య వస్తుంది.

థర్మామీటర్ నాలుక కింద, వెనక్కి పెట్టి, పెదాలు మూసి, బీప్ వచ్చేదాకా ఉంచండి. ఈలోపు ఏమైనా తాగి ఉంటే 20-30 నిమిషాలు ఆగాలి. ఆక్సీమీటర్ ఉంటే వేలికి గోళ్ళరంగు లేకుండా చూసుకోండి. వేళ్ళు చల్లగా ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది, చేతులు రుద్ది వేడెక్కించాక పెట్టండి.

4. పడుకుని లేచే పరీక్ష

వెల్లకిలా 5 నిమిషాలు పడుకోండి. నాడి 15 సెకన్లు చూసి 4తో గుణించి రాయండి. వేళ్ళు మణికట్టు మీదే ఉంచి లేచి నిలబడండి. తోడు మనిషి పక్కనే ఉండాలి, కుర్చీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. నిలబడగానే ఒకసారి 15 సెకన్లు, నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత ఒకసారి లెక్కపెట్టండి.

పడుకున్నప్పుడు 68 ఉన్న నాడి నిలబడగానే 84కి ఎగిరి, మూడు నిమిషాలకి 76 దగ్గర నిలిచిందనుకోండి. ఇందులో జరిగింది ఇది. మీరు లేచేసరికి అర లీటరు పైగా రక్తం బరువుకి కాళ్ళలోకి, కడుపు కింది భాగంలోకి జారింది. గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గింది, రక్తపోటు పడబోయింది. మెడలోని ధమనిలో, గుండె పైనున్న మహాధమని వంపులో గోడ సాగుదలని పసిగట్టే నాడీ తంతువులున్నాయి. సాగుదల తగ్గిందని అవి మెదడు కాండానికి కబురు పెట్టాయి. అక్కడినుంచి గుండెకి "వేగం పెంచు" అనీ, రక్తనాళాలకి "బిగుసుకో" అనీ ఆజ్ఞలు వెళ్ళాయి. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోయింది. కళ్ళు తిరక్కుండా మీరు నిలబడగలిగింది అందుకే.

బీపీ మిషన్ ఉంటే పడుకుని ఒకసారి, నిలబడ్డాక 1వ, 3వ నిమిషాల్లో కొలవండి. నాడి అంత ఎగిరినా బీపీ పెద్దగా కదలకపోవడం చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే, లేదా లేచిన ప్రతిసారీ తూలుతుంటే డాక్టరుకి చెప్పండి.

5. మూడు నిమిషాల పని

కుర్చీలోంచి లేచి నిలబడటం, కూర్చోవడం. రెండు సెకన్లకోసారి చొప్పున 3 నిమిషాలు. మాట్లాడగలిగేంత ఆయాసం చాలు. ఒక్క వాక్యం కూడా పూర్తి చేయలేకపోతే వేగం తగ్గించండి. మోకాళ్ళ నొప్పులుంటే నిలబడిన చోటే కవాతులా అడుగులు వేయండి. మెట్లు వద్దని నా సలహా. ఆయాసంలో మెట్లు దిగేటప్పుడు పడేవాళ్ళున్నారు, పైగా దిగేటప్పుడు శ్రమ తక్కువ కాబట్టి లెక్క సమంగా రాదు.

6. తిరిగి రావడాన్ని కొలవండి

అసలు ప్రయోగం ఇక్కడుంది. ఆపగానే కూర్చుని, 5 సెకన్లలోపే నాడి దొరకబుచ్చుకుని, 15 సెకన్లే లెక్కపెట్టండి. నిమిషమంతా లెక్కపెట్టకూడదు. ఆ నిమిషంలోనే గుండె వేగం గబగబా పడిపోతుంటుంది కాబట్టి, ఎక్కువ అంకెకీ తక్కువ అంకెకీ మధ్య సగటు వస్తుంది తప్ప పైఅంచు దొరకదు. తర్వాత 1, 2, 3, 5, 10 నిమిషాల దగ్గర అలాగే 15 సెకన్ల చొప్పున చూడండి. మధ్యలో మాట్లాడొద్దు, నవ్వొద్దు, కాళ్ళు ఆడించొద్దు.

ఉదాహరణకి ఒకరి అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం. విశ్రాంతిలో 72. ఆపగానే 33 దెబ్బలు, అంటే 132. 1వ నిమిషంలో 104. తర్వాత వరసగా 92, 84, 76, 72. మొదట దబ్బున పడి, తర్వాత నిదానంగా జారి, పాత చోటికి చేరడం. గ్రాఫ్ కాగితం మీద ఈ చుక్కలు కలిపితే వచ్చే వంపుని పరీక్షలో గీయమంటే చాలామంది సరళరేఖ గీస్తారు. మీరు గీయరు.

ఉష్ణోగ్రత దగ్గర జాగ్రత్త. మొదటిసారి నేను పరుగెత్తి వచ్చి వెంటనే థర్మామీటర్ నోట్లో పెట్టుకున్నాను. ముందు 36.7 డిగ్రీల సెల్సియస్ ఉన్నది 36.2 చూపించింది! పరుగెత్తితే ఒళ్ళు చల్లబడుతుందా అని ఒక సాయంత్రమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. విషయం ఏమిటంటే, ఆయాసంలో నోటితో గాలి పీలుస్తుంటే ఆ గాలికి నోరు చల్లబడుతుంది. లోపలి వేడి అలాగే ఉంటుంది, కొలిచిన చోటే మోసం చేసింది. కాబట్టి 5 నిమిషాలు ముక్కుతో ఊపిరి తీసుకున్నాక, నోరు మూసి కొలవండి. చంకలో పెట్టినా తడి చర్మం వల్ల తక్కువే చూపిస్తుంది. నుదుటి మీద గురిపెట్టే థర్మామీటర్‌కీ చెమట పడదు.

సరిగ్గా కొలిస్తే ఎంత వస్తుంది? మూడు నిమిషాల పనికి తేడా డిగ్రీలో ఒకటో రెండో పదో వంతులే ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. ఆక్సీమీటర్ 98 ఉన్నది 97 అనో, 98 అనో చూపిస్తుంది. "ఏమీ మారలేదు, ప్రయోగం ఫెయిలైంది" అని కొట్టేయకండి. కాలి కండరాలు ఆక్సిజన్‌ని ఎన్నో రెట్లు లాగేస్తుంటే కూడా ఆ అంకె కదల్లేదంటే, ఎవరో కదలనివ్వలేదన్నమాట. నాడీ ఊపిరీ కదిలింది అందుకే.

7. రెండు రంగుల్లో గీతలు గీయండి

పట్టికలో బాగా మారిన గడులకి ఎర్రగీత, దాదాపు మారని వాటికి నీలం గీత గీయండి. ఎరుపులో నాడి, ఊపిరి ఉంటాయి, ఆఖరి గడిలోని చెమట, ఎర్రబడ్డ ముఖం కూడా అటే చేరతాయి. నీలంలో ఉష్ణోగ్రత, ఆక్సిజన్ శాతం. ఎరుపులోవి పనివాళ్ళు, నీలంలోవి వాళ్ళు కాపలా కాసే సొమ్ము.

మీ దగ్గర కొలిచే సాధనం లేనివి కూడా నీలంలో చేర్చండి: ధమని రక్తం పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) 7.35 నుంచి 7.45, రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్, పొటాషియం 3.5 నుంచి 5, పరగడుపున గ్లూకోజ్ డెసిలీటరుకి 70 నుంచి 99 మిల్లీగ్రాములు. మామూలు మనిషిలో ఊపిరి వేగాన్ని నడిపించేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, ఆక్సిజన్ తగ్గుదల కాదు. ఇది తప్పు రాసేవాళ్ళు చాలామంది.

ఏదైనా ఎరుపులోదో నీలంలోదో తేలకపోతే నేను వాడే ఉపాయం "రెట్టింపు పరీక్ష". ఆ అంకెని మనసులోనే రెట్టింపు చేసి చూడండి. నాడి 70 నుంచి 140 అయితే? పరుగులో రోజూ అవుతుంది, మనిషికేం కాదు. ఊపిరి 15 నుంచి 30? మెట్లెక్కితే చాలు. పొటాషియం 4 నుంచి 8? గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. రెట్టింపైనా మనిషి బాగానే ఉంటే అది పనివాడు, ప్రమాదమైతే అది సొమ్ము. ఉష్ణోగ్రతకి రెట్టింపు అక్కర్లేదు, 37 నుంచి 42కి పోతేనే ప్రాణాపాయం. సెల్సియస్‌లో రెట్టింపుకి అర్థం కూడా లేదనుకోండి.

ఈ పరీక్షకి లొంగనిది రక్తపోటు. అది కాపాడబడే సొమ్మే, 4వ మెట్టులో చూశాం. కానీ వ్యాయామంలో పై అంకె బాగా పెరుగుతుంది. అంటే కాపలా వదిలేసినట్టు కాదు. ఆ కాసేపటికి మెదడు సెట్ పాయింట్‌నే, అంటే ఒళ్ళు నిలబెట్టాలని చూసే అంకెనే, పైకి జరుపుతుంది. జ్వరంలోనూ ఇదే జరుగుతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగమైన హైపోథాలమస్ సెట్ పాయింట్‌ని 39కి పెంచితే, 37 దగ్గరున్న ఒళ్ళు "తక్కువైంది" అనుకుని వణికి వేడి పుట్టిస్తుంది. చలిజ్వరం అంటే అదే. సెట్ పాయింట్ మళ్ళీ కిందికి దిగాక చెమటలు పట్టి జ్వరం విడుస్తుంది.

8. ఒక్క చెమట చుక్క వెనక ఎవరెవరున్నారో రాయండి

ఇక్కడ కణజాలాలు లెక్కలోకి వస్తాయి. నాలుగు రకాల పేర్లూ బట్టీ పట్టినవాళ్ళు కూడా అవి కలిసి ఏం చేస్తాయో చెప్పలేరు. మీ నుదుటి మీద పట్టిన చెమటని తీసుకుని ఐదు వాక్యాలు రాయండి. వేడి పుట్టించింది ఎవరు? కాలిలోని కండర కణజాలం. ఆ వేడిని మోసుకొచ్చింది? రక్తం, అంటే సంయోజక కణజాలం. రక్తం వేడెక్కిందని పసిగట్టి, ఆజ్ఞ పంపింది? హైపోథాలమస్, దాని నుంచి బయల్దేరే నాడులు, అంటే నాడీ కణజాలం. చెమటని బయటికి వదిలింది? స్వేదగ్రంథి, అది ఉపకళా కణజాలం. చల్లబరిచింది ఎవరు? ఇక్కడ చాలామంది "చెమట" అని రాసి ఊరుకుంటారు. చల్లబరిచేది చెమట ఆవిరవడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కారి కింద పడిపోయిన చుక్క దాదాపు దండగే. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఒళ్ళంతా తడిసి ముద్దయినా ఉక్క తగ్గకపోవడం ఇందుకే.

వ్యాయామం చేయలేనివాళ్ళకి ఇంకో దారి

ఒక చేతిని కుళాయి చల్లటి నీళ్ళలో 1 నిమిషం ఉంచండి, రెండోది పొడిగా ఉంచండి. ఐసు నీళ్ళు వద్దు. చలికి వేళ్ళు తెల్లగానో నీలంగానో మారి నొప్పి పుట్టే తత్వం ఉన్నవాళ్ళు ఇది మానేయండి. చెయ్యి తుడుచుకుని, రెండు చేతుల్లోనూ ఒక్కో గోరు 5 సెకన్లు నొక్కి వదలండి. వెచ్చటి చేతిలో తెల్లబడ్డ గోరు దాదాపు 2 సెకన్లలో ఎర్రబడుతుంది. చల్లటి చేతిలో ఆలస్యమవుతుంది. చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుని వేడి రక్తాన్ని లోపలే ఉంచుతున్నాయి. ఇక్కడ ఎరుపు గీత చర్మానికి పోయే రక్తానిది, నీలం గీత ఒంటి లోపలి వేడిది.

ఊపిరి బిగబట్టే ప్రయోగాలు కొందరు చెబుతుంటారు, నేను చెప్పను. ముఖ్యంగా నీళ్ళలో, అదీ ముందుగా గబగబా ఊపిరి తీసుకుని చేస్తే, స్పృహ తప్పి మునిగిపోయే ప్రమాదం ఉంది.

రాతలో ఎక్కువగా కనిపించే తప్పులు

అన్నిటికంటే పెద్దది, "హోమియోస్టాసిస్ గుండె వేగాన్ని స్థిరంగా ఉంచుతుంది" అని రాయడం. మీ ఎర్రగీత చూసుకోండి, అది మీ చేతి రాతతోనే తప్పని తేలిపోతుంది.

రెండోది, హోమియోస్టాసిస్ అంటే లోపలా బయటా సమానం కావడం అనుకోవడం. కణం లోపల పొటాషియం లీటరుకి సుమారు 140 మిల్లీమోల్, బయట 4. సోడియం దానికి తలకిందులు: బయట 140, లోపల 10-15. ఈ తేడాని నిలబెట్టడానికి కణపొరలోని పంపు, ఖర్చయ్యే ప్రతి ఏటీపీకి (కణానికి శక్తినిచ్చే అణువు) 3 సోడియం అయాన్లని బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లని లోపలికి లాగుతూనే ఉంటుంది, మీరు నిద్రపోతున్నా సరే. పంపు ఆగితే కొంతసేపటికి లోపలా బయటా సమానమవుతుంది, కానీ అప్పటికి కణం బతికి ఉండదు.

ఇంకోటి, ప్రతి ఫీడ్‌బ్యాకూ (ఒక మార్పుకి ఒళ్ళు తిరిగి ఇచ్చే స్పందన) నెగటివే అని రాయడం. కాన్పు నొప్పుల్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను, గాయం దగ్గర రక్తం గడ్డకట్టడం పాజిటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే మొదలైన మార్పుని ఇంకా పెంచేవి. వాటికి ఒక ముగింపు ఉంటుంది: బిడ్డ పుట్టడం, రక్తస్రావం ఆగడం. ఇక "నెగటివ్" అన్న మాటకి చెడు అనే అర్థం లేదు, మార్పుకి ఎదురు తిరగడమే.

మీ ఫలితం నమ్మదగినదో కాదో చూసుకోవడం

15 సెకన్ల లెక్కతో వచ్చిన నాడి అంకెలన్నీ 4తో భాగించబడాలి. 131 అని ఉంటే ఎక్కడో గుణకారం తప్పింది. వ్యాయామం తర్వాత 1వ నిమిషం కంటే 2వ నిమిషంలో నాడి ఎక్కువుంటే, మధ్యలో మీరు మాట్లాడారో కదిలారో చూసుకోండి. 10 నిమిషాలకీ విశ్రాంతి అంకెకి రాకపోతే భయపడకండి. కొందరికి ఇంకా సమయం పడుతుంది, గది వేడిగా ఉన్నా, నీళ్ళు సరిగ్గా తాగకపోయినా పడుతుంది. విశ్రాంతి అంకే తప్పుగా, ఎక్కువగా రాసుకుని ఉంటే మటుకు దానికంటే కిందికి దిగిపోతుంది. మొదటిసారి కొలిచేటప్పుడు ఉండే టెన్షన్ వల్ల ఇలా చాలామందికి అవుతుంది. అప్పుడు 3వ మెట్టు ఇంకోరోజు మళ్ళీ చేయండి.

మళ్ళీ చేసేటప్పుడు అదే వేళకి చేయండి. పొద్దున నిద్ర లేవగానే ఉష్ణోగ్రత తక్కువుంటుంది, సాయంత్రానికి అర డిగ్రీ దాకా పెరుగుతుంది. ఒకరోజు ఉదయం 36.4, ఇంకోరోజు సాయంత్రం 36.9 వచ్చిందని నీలం గీత చెరిపేసి ఎర్రగీత గీసిన నోట్‌బుక్‌లు నేను చూశాను. రెండు కొలతలూ సరైనవే. వేళ రాసుకోకపోవడమే తప్పు.